80 వేలలో పెళ్లి వీడియోకు ఏ కెమెరా? ఒక మెమరీ కార్డు చాలా, రెండు కావాలా?

నకిరేకల్_కొత్త:
అందరికీ నమస్కారం. మాది నకిరేకల్ పక్కన పల్లె. రెండేళ్లుగా ఫోనుతోనే చెరువుగట్టు జాతర, మా ఊరి ఒగ్గు కథలు తీస్తున్నాను. అవి చూసి మా ఊళ్లో ఒకాయన తన కూతురి పెళ్లి నన్నే తీయమన్నారు. ఐదు వేలు బయానా కూడా ఇచ్చారు. చేతిలో 80 వేలు ఉన్నాయి. అందులో 50 వేలు అమ్మ మహిళా సంఘంలో తెచ్చిన అప్పు. కెమెరా, లెన్సు, కార్డులు, అదనపు బ్యాటరీలు అన్నీ అందులోనే రావాలి. మూడు చూశాను: సోనీ జడ్‌వీ-ఈ10 కిట్ లెన్సుతో (కెమెరాతో కలిపి అమ్మేది), వాడిన కెనాన్ ఎం50, వాడిన పానసోనిక్ జీహెచ్5. ఫంక్షన్ హాలు, రాత్రి ముహూర్తం. ఏది తీసుకోమంటారు?

లెక్కల_మాస్టారు:
ఎం50 వద్దు. 2018లో వచ్చింది, ఫోటోలకు ఇప్పటికీ మంచిదే. కానీ 4కేలో తీస్తే బొమ్మ అంచులు కోసేస్తుంది. దాని 15-45 లెన్సును 15 దగ్గర పెట్టినా ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మంత పెద్ద సెన్సారు) లెక్కలో దాదాపు 38 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే బొమ్మలో తక్కువ చోటే పడుతుంది. మండపం ముందు బంధువులు మూగితే వెనక్కి జరగడానికి మీకు చోటెక్కడ? పైగా 4కేలో డ్యుయల్ పిక్సెల్ ఫోకస్ (ముఖాన్ని తడుముకోకుండా పట్టే ఏర్పాటు) పనిచేయదు. దానికి సరిపోయే ఈఎఫ్-ఎం లెన్సుల వరుసను కెనాన్ 2023లో ఆపేసింది కూడా.

జడ్‌వీ-ఈ10 తీసుకోండి. 25 ఫ్రేముల 4కేలో అంచులు కోయదు, మైకు తగిలించుకునే చోటు ఉంది, ముఖాన్ని వదలకుండా ఫోకస్ పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మెనూలో పాల్‌కు (50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే వీడియో పద్ధతి) మార్చి, 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టండి. లేకపోతే హాలులోని ట్యూబులైట్ల వెలుగు వీడియోలో మినుకుమంటుంది.

కార్డు మీద పెద్దగా రాసిన 170, 200 అంకెలు చూసి డబ్బు పోయకండి. అది కార్డులో ఉన్నదాన్ని చదివే వేగం. మీకు కావలసింది ఆగకుండా రాసే వేగం. ఈ కెమెరా సెకనుకు గరిష్ఠంగా 100 మెగాబిట్లు రాస్తుంది. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. వీ30 అని ముద్ర ఉన్న కార్డు 30కి తగ్గకుండా రాస్తుంది. అంటే అవసరానికి రెట్టింపుకు పైనే. వీ90కి పెట్టే డబ్బు దండగ. 64 జీబీ కార్డులో 85 నిమిషాలు పడుతుంది. రెండు 128లు కొనుక్కోండి.

పాలమూరు_పిల్లలమర్రి:
బాడీ ఏదైనా సరే, డబ్బు లెన్సు మీద పెట్టండి. కిట్ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్5.6కు పడిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). సిగ్మా 30 ఎఫ్1.4 దానికి 16 రెట్లు వెలుగు తెస్తుంది. రాత్రి పెళ్లి కదా.

గడియారం_స్టూడియో:
తమ్ముడూ, మాస్టారు గారు చెప్పిన లెక్కలన్నీ నిజమే. కానీ ఒక్క మాట చెప్పలేదు. జడ్‌వీ-ఈ10లో కార్డు పెట్టే చోటు ఒక్కటే. జీహెచ్5లో రెండు. ఒకే వీడియోను రెండు కార్డులలో ఒకేసారి రాయించవచ్చు. నల్గొండ గడియారం సెంటరులో 22 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్కసారే, మాంగల్యధారణ ఒక్కసారే. కార్డు పోయిందని పురోహితుడిని మళ్లీ మంత్రం చదవమంటావా?

నాకు జరిగింది చెబుతాను. 2017లో మిర్యాలగూడ వైపు ఒక పెళ్లి. ఒకే కార్డు కెమెరా. తలంబ్రాల మధ్యలో కార్డు లోపం అని తెర మీద వచ్చింది. అంతకు ముందు తీసిన 40 నిమిషాలు పోయాయి. పెళ్లికూతురి నానమ్మ కుర్చీలో కూర్చుని అక్షింతలు వేసింది అందులోనే. నెల తిరగకుండా ఆమె కన్నుమూశారు. ఆ ఇంటి వాళ్లు ఇప్పటికీ నా దుకాణం ముందు నుంచి వెళితే తల తిప్పుకుంటారు. ఆ రోజు నుంచి ఒక కార్డు కెమెరాను పెళ్లికి తీసుకెళ్లడం నేరమే అంటున్నాను.

లెక్కల_మాస్టారు:
జీహెచ్5 మంచి కెమెరానే, కాదనను. 2017లో దానికి సాటి లేదు. కానీ దాని ఫోకస్ కాంట్రాస్టు చూసి వెతుక్కునే రకం. పెళ్లికూతురు నడిచి వస్తుంటే ముఖం వదిలేసి వెనక పూలదండల మీదకు పోయి తడుముకుంటుంది. కొత్త కుర్రవాడికి అది కుదరదు. కార్డు పోవడం అరుదు, ఫోకస్ పోవడం ప్రతి పెళ్లిలోనూ ఉంటుంది.

మీ 40 నిమిషాల సంగతి ఒకటి అడుగుతాను. ఆ లోపం వచ్చాక కార్డును ఏం చేశారు?

గడియారం_స్టూడియో:
ఫోకస్ చేత్తో పట్టడం నేర్చుకోవాలి. నేను విహెచ్‌ఎస్ రోజుల నుంచి చేత్తోనే పడుతున్నాను.

కార్డును కంప్యూటరులో పెట్టి చూశాం. ఏమీ కనిపించలేదు.

గద్వాల_కెమెరా:
నకిరేకల్ తమ్ముడికి పనికొచ్చేవి చెబుతాను. జడ్‌వీ-ఈ10తో నేను వేసవి పెళ్లిళ్లు తీస్తున్నాను. మన ఎండల్లో 4కే ఎక్కువసేపు తీస్తే వేడెక్కి ఆగిపోయే ప్రమాదం ఉంది. మెనూలో ఆటో పవర్ ఆఫ్ టెంప్ అనే దాన్ని ‘హై’కి మార్చు. తెరను బాడీ నుంచి విప్పి పక్కకు తీసి ఉంచు, వేడి బయటకు పోతుంది. ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ చిన్నది, కనీసం మూడు కావాలి. మండపం దగ్గర స్టాండు మీద ఉన్నప్పుడు పవర్ బ్యాంకు నుంచి యూఎస్‌బీ-సి తీగతో నడిపించు. లోపల వణుకు ఆపే ఏర్పాటు లేదు కాబట్టి చేత్తో పట్టుకుని పరుగెత్తకు, స్టాండు వాడు. కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటరు ప్రోగ్రాముతో నిండా రాసి, తిరిగి చదివించి చూడు. నకిలీ కార్డు 128 అని చూపిస్తుంది, లోపల 16 కూడా ఉండదు.

ఇక నేరం అన్న మాట. 80 వేలు పట్టుకుని వచ్చిన పిల్లవాడిని నేరస్థుడు అనడం బాగాలేదు.

లెక్కల_మాస్టారు:
నా ప్రశ్నకు జవాబు సగమే వచ్చింది. కంప్యూటరులో పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగిందా? ఎవరైనా అవును అని నొక్కారా? అంతకు ముందు రికార్డు అవుతుండగానే బ్యాటరీ లాగారా? ఎందుకు అడుగుతున్నానంటే, మామూలు ఎంపీ4 ఫైలు తన విషయసూచికను ఆఖర్లో, ఆపే మీట నొక్కాక రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే బొమ్మలన్నీ కార్డులోనే ఉంటాయి, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రం ఉండదు. దాన్ని చాలాసార్లు తిరిగి రాబట్టవచ్చు. ఒకే షరతు, ఆ తరువాత కార్డులో ఇంకేమీ రాయకూడదు. కాబట్టి మీ దగ్గర పోయింది కార్డు కాదు అనిపిస్తోంది.

గడియారం_స్టూడియో:
ఏమనిపిస్తోంది మరి? నేను అబద్ధం చెబుతున్నానని అనిపిస్తోందా? మీరు మహబూబ్‌నగర్‌లో కుర్చీలో కూర్చుని, ఎన్నేళ్ల కిందటి పెళ్లికో శవపరీక్ష చేస్తున్నారు. లాగింది బ్యాటరీయే. కెమెరా మీద ఎర్ర దీపం మెరుస్తుంటే కంగారు పడి లాగాడు. లాగినవాడు మా తమ్ముడి కొడుకు, అప్పుడు వాడికి 19 ఏళ్లు. కంప్యూటరు అడిగితే అవును అని నొక్కింది కూడా వాడే. అదే కార్డులో అప్పగింతలు కూడా తీసేశాం. చాలా?

లెక్కల_మాస్టారు:
చాలు. అంటే రెండు కార్డులు ఉన్నా అదే పెళ్లి అలాగే పోయేది. ఒకే బ్యాటరీ లాగితే రెండు కార్డులలోనూ పట్టిక రాయడం ఆగిపోతుంది. నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే.

గడియారం_స్టూడియో:
రెండో కార్డు కెమెరాలోనే ఉండిపోయేది. దాన్ని ఎవరూ ఫార్మాట్ చేసేవారు కాదు. నేను చెబుతున్నదీ అదే.

పాలమూరు_పిల్లలమర్రి:
ఇద్దరూ ఒకే మాట చెబుతూ పోట్లాడుతున్నారు.

గద్వాల_కెమెరా:
ఒకే మాట కాదు. స్టూడియో అన్నా, మీకు కోపం కార్డు మీద లేదు. ఆ తమ్ముడి కొడుకు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

గడియారం_స్టూడియో:
విడిగా పెళ్లిళ్లు తీస్తున్నాడు. ఫోటోలు, వీడియో కలిపి 15 వేలకు. నేను అద్దె కట్టి, ఇద్దరికి జీతాలిచ్చి, మిక్సింగ్ చేయించి, ఆల్బం వేయించి 15 వేలకు ఎలా ఇవ్వను? మూఢం ఉన్న నెలల్లో ఒక్క పని ఉండదు, అద్దె మాత్రం ఆగదు. మీలాంటివాళ్లు ఒకే కెమెరా, ఒకే కార్డు భుజాన వేసుకుని వస్తారు. పోతే పోయిందంటారు. చెడ్డ పేరు ఈ వృత్తి మొత్తానికి వస్తుంది.

గద్వాల_కెమెరా:
ఇప్పుడు వచ్చింది అసలు మాట. అయితే నాదీ వినండి. ఒక స్టూడియోలో మూడేళ్లు పనిచేశాను, మీది కాదు. మూడేళ్లూ లైటు పట్టుకున్నాను, తీగలు చుట్టాను, కుర్చీలు జరిపాను. కెమెరా ముట్టుకుంటే చేతి మీద కొట్టేవారు. ఐఎస్ఓ అంటే ఏమిటని అడిగితే ‘నీకెందుకు’ అన్నారు. కార్డు పోతే ఏం చేయాలో మీ అబ్బాయికి తెలియలేదంటే అతనికి ఎవరూ చెప్పలేదు కాబట్టి. పని నేర్పరు. బయటకు వచ్చి నేర్చుకుంటే రేటు చెడగొడుతున్నామంటారు. ఆరు నెలలు పస్తులుండి కొన్న కెమెరా నాది. మీరు నేరం అన్నప్పుడు ఆ చేతి దెబ్బే గుర్తొచ్చింది.

గడియారం_స్టూడియో:
నేను ఎవరి చేతి మీదా కొట్టలేదు.

గద్వాల_కెమెరా:
ఆ ఎర్ర దీపం వెలిగితే ఏం చేయాలో నేర్పలేదు కూడా.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాసేపు ఆగండి. అడిగిన అబ్బాయి కెమెరా కొనాలి.

దేవరకొండ_చెల్లెలు:
నాకు కెమెరాలు తెలియవు. మా అన్నయ్య ఈ చర్చ చూపిస్తే చదివాను. మా పెళ్లి వీడియోలో నాన్న కాళ్లు కడిగే ఘట్టం లేదు. తీసినవాళ్లు ఎనిమిది నెలలు ‘మిక్సింగులో ఉంది’ అని తిప్పి, చివరికి పోయిందన్నారు. వాళ్ల దగ్గర ఎన్ని కార్డులున్నాయో నాకు తెలియదు. నాకు మంట పుట్టించింది వీడియో పోవడం కాదు, ఎనిమిది నెలలు. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే, అక్కడున్న బంధువులందరి ఫోన్లు అడిగి చూసుకునేవాళ్లం. ఎవరి దగ్గరో ఒక నిమిషమైనా దొరికేది. ఎనిమిది నెలల తరువాత అడిగితే అందరూ చెరిపేసుకున్నారు.

స్టూడియో అన్నయ్యా, మిమ్మల్ని ఒకటి అడగాలని ఉంది. ఆ నానమ్మ గారి సంగతి వాళ్లకు మీరు ఎప్పుడు చెప్పారు?

పాలమూరు_పిల్లలమర్రి:
ఈ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా నేను లెన్సు గురించి మాట్లాడను.

గడియారం_స్టూడియో:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నాలుగు నెలలకు చెప్పాను, అమ్మా. మొదట తిరిగి వస్తుందేమోనని హైదరాబాదు పంపాను, కోఠిలో ఇద్దరికి చూపించాను. రాదని నెలలోపే తెలిసిపోయింది. అప్పటికే ఆమె పోయారు. ఆ ఇంట్లో దినాలు జరుగుతుంటే వెళ్లి చెప్పలేకపోయాను. తరువాత చెప్పలేదంటే అది నా పిరికితనం. మిగిలిన బాకీ వసూలు కాదన్న భయం కూడా ఉంది, దాచను.

కానీ కుర్రవాళ్ల రేట్ల గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకోను. 15 వేలలో రెండో కెమెరా రాదు, రెండో మనిషి రాడు. తక్కువకు ఒప్పుకున్నవాడు ఏం తగ్గిస్తున్నాడో ఇంటివాళ్లకు చెప్పడు.

గద్వాల_కెమెరా:
ఎక్కువ తీసుకున్నవాళ్లూ చెప్పలేదు కదా అన్నా. నేనిక ఈ మాట పొడిగించను.

లెక్కల_మాస్టారు:
నేను శవపరీక్ష చేసింది నిజమే. కార్డు తప్పా, మనిషి తప్పా అన్న దాని మీదే పట్టుబట్టాను. ఆ నానమ్మ గారి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. అందుకు చింతిస్తున్నాను. 12.5 లెక్క మాత్రం సరైనదే.

నకిరేకల్_కొత్త:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మాస్టారు గారు, గద్వాల అన్న చెప్పిన మాట ప్రకారం జడ్‌వీ-ఈ10 కిట్ లెన్సుతో తీసుకున్నాను. వీ30 128లు రెండు, బ్యాటరీలు మరో రెండు. రెండు కార్డులూ నిండా రాయించి చూశాను, బాగానే ఉన్నాయి. సిగ్మా లెన్సుకు డబ్బు చాలలేదు. పెళ్లినాటికి అద్దెకు తెచ్చుకుంటాను.

దేవరకొండ అక్క రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఉదయం పెళ్లికూతురి నాన్న దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ‘నా దగ్గర ఒకే కెమెరా ఉంది, అందులో ఒకే కార్డు పడుతుంది, ఇదే నా మొదటి పెళ్లి, కార్డు పోతే ఆ భాగం పోతుంది. మీకు భయంగా ఉంటే బయానా తిరిగి ఇస్తాను’ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. ‘దీన్ని కూడా ఒక స్టాండు మీద పెట్టి మండపం వైపు తిప్పి ఉంచు, ఎదురుకోళ్ల నుంచి తలంబ్రాల దాకా ఆపకు’ అన్నారు. అది మూడేళ్ల కిందటి ఫోను, 64 జీబీ, సగం నిండి ఉంది. దాన్ని ఎలా సిద్ధం చేయాలో ఎవరైనా చెబుతారా?

గడియారం_స్టూడియో:
పాత వీడియోలు వేరే చోటికి ఎక్కించి ఖాళీ చేయించు. 1080లో పెట్టు, 4కే వద్దు, చోటు చాలదు. ఛార్జరు తగిలించి ఉంచు. ఎగువ మూలలో, ఎవరూ అడ్డం నిలబడని చోట పెట్టు. అన్నిటికన్నా ముఖ్యం, ఫోనును విమానం మోడులో పెట్టు. తాళి కట్టే సమయానికే దారి తప్పిన బంధువులు పెళ్లికూతురి తండ్రికి ఫోను చేస్తారు, కొన్ని ఫోన్లలో రికార్డు అక్కడే ఆగిపోతుంది. పెళ్లికి ముందు రోజు నల్గొండ వస్తే నా దగ్గర రెండు స్టాండ్లు ఉన్నాయి, ఒకటి తీసుకెళ్లు. అద్దె వద్దు. రేటు ఎంతకు ఒప్పుకున్నావో మాత్రం నాకు చెప్పకు.