కార్‌పూలింగ్‌లో డబ్బు తీసుకుంటే అది టాక్సీ అవుతుందా?

నిజాంపేట వాసి:
మా అపార్ట్‌మెంటు వాళ్లం నలుగురం రెండేళ్లుగా ఒకే కారులో నానక్‌రామ్‌గూడలోని ఆఫీసులకు వెళ్లి వస్తున్నాం. కారు నాది, పెట్రోలు ఖర్చు నాలుగు వాటాలు. మొన్న అసోసియేషన్ సమావేశంలో ఒక పెద్దాయన "తెల్ల ప్లేటు బండిలో డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకుంటే అది టాక్సీయే" అన్నారు. అప్పటి నుంచి ఆ మాట మనసులో నలుగుతోంది. నిజంగా తప్పు చేస్తున్నామా?

ఉప్పల్ వాసి:
పెద్దాయన మాటలో న్యాయం ఉంది. మా తమ్ముడు క్యాబ్ నడుపుతాడు. పసుపు ప్లేటుకు పర్మిట్, ఫిట్‌నెస్ పరీక్ష, వేరే బీమా, అన్నీ ఉంటేనే అతను కిరాయికి తిరగాలి. అవేమీ లేకుండా యాప్‌లో సీట్లు అమ్ముకునేవారిని చూస్తే కడుపు మండుతుంది. ఒకసారి మీ బీమా పాలసీ తీసి చదవండి. సొంత కారును కిరాయికి వాడితే వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే పక్కన కూర్చున్నవారికి ఎవరు జవాబు చెబుతారు? నాగోలు నుంచి రాయదుర్గం దాకా 2019 నుంచి మెట్రో నడుస్తోంది. నేను అందులోనే వెళ్తాను.

నిజాంపేట వాసి:
బీమా సంగతి మంచిగా గుర్తుచేశారండీ, ఈ రాత్రికే చూస్తాను. మెట్రో విషయం మాత్రం ఒప్పుకోలేను. పట్టాలు రాయదుర్గంలోనే ఆగిపోయాయి, అక్కడి నుంచి మళ్లీ ఆటో. మేమైతే ముందు జేఎన్‌టీయూ స్టేషన్‌కు చేరి, అమీర్‌పేటలో రైలు మారి చుట్టూ తిరిగి రావాలి.

లెక్క చెబుతాను. రానుపోను సుమారు 36 కిలోమీటర్లు. ఆ ట్రాఫిక్‌లో నా బండి లీటరుకు 12 ఇస్తే గొప్ప. రోజుకు 3 లీటర్లు, అంటే 300 రూపాయల పైమాటే. తలా 80 దాకా పడుతుంది. నా వాటా నేనూ వేస్తాను. టైర్లు, సర్వీసింగు నా ఖర్చే. ఇక నాకు లాభం ఎక్కడ? ఉదయం తొమ్మిదింటికి జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వైపు వెళ్లి చూడండి, కారుకొక్క మనిషి. మేము విడివిడిగా బయలుదేరితే ఆ వరుసలో ఇంకో రెండు కార్లు చేరతాయి. కేంద్ర రవాణా శాఖ 2020 మార్గదర్శకాలు కూడా, రాష్ట్రం నిషేధించకపోతే, యాప్‌ల ద్వారా లాభాపేక్ష లేకుండా సొంత కారులో నగరం లోపల రోజుకు 4 ట్రిప్పుల వరకు ఒప్పుకున్నాయి.

మియాపూర్ ఉద్యోగిని:
ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. బండిలో ఎవరున్నారన్నది నాకు అంతకన్నా ముఖ్యం. యాప్‌లో దొరికిన కారులో ఒకాయన రోజూ మా ఇల్లు ఎక్కడో అడిగేవారు. వారానికే మానేశాను. ఇప్పుడు మా ఆఫీసులోని ముగ్గురు ఆడవాళ్లతో వెళ్తున్నాను. సాయంత్రం పాపకు జ్వరమని ఫోను వస్తే, మీటింగు వదిలి నాతో కదిలేది వాళ్లే.

ఉప్పల్ వాసి:
మేడమ్ గారూ, మీరు చెప్పినది నాకు తట్టలేదు. నిజాంపేట వారూ, తెలిసినవారి మధ్య వాటాలైతే నాకు పేచీ లేదు. కొత్తవారిని ఎక్కించుకుని కిలోమీటరుకు ఇంత అని తీసుకుంటే మాత్రం టాక్సీ అనే అంటాను.

నిజాంపేట వాసి:
అది నేనూ ఒప్పుకుంటాను. పాలసీ చదివాను, మీరు చెప్పినట్టే ఉంది. ఇక డబ్బు మానేసి వారానికొకరి కారు తీద్దామని మావాళ్లతో అన్నాను. ఒకరికి కారు లేదు. ఆయన్ను వదులుకోవడం మాకెవరికీ ఇష్టం లేదు. ఆదివారం నలుగురం కూర్చుంటున్నాం.