‘దాయాది’ అన్న మాటలో పగ ఎంత, మైల ఎంత

భారత పాకిస్తాన్‌లను పత్రికలు దాయాది దేశాలని ఎందుకు రాస్తాయి, పొరుగు దేశాలంటే సరిపోదా అని నిన్న ఒక సభ్యుడు అడిగారు. పొరుగువాడు కావడానికి నడుమ ఒక గెట్టు ఉంటే చాలు, దాయాది కావాలంటే మాత్రం ఒకప్పటి ఉమ్మడి ఆస్తి, దాని పంపకం ఉండాలి. 1947లో జరిగింది పంపకమే కనుక ఆ మాట అక్కడ అతికింది. అయితే పత్రికలు అందులో సగం అర్థాన్నే వాడుకుంటున్నాయని నాకు అనిపిస్తుంది.

సంస్కృతంలో దాయమంటే వారసులకు వచ్చే ఆస్తి, దానిని పుచ్చుకునేవాడు దాయాదుడు. కొడుకును కూడా అలా పిలవవచ్చు. తెలుగులోకి వచ్చేసరికి కొడుకు తప్పుకుని, తండ్రి వైపు అన్నదమ్ముల సంతతి మిగిలింది. ‘దాయ’ అన్న పొట్టి రూపానికైతే మన నిఘంటువులు జ్ఞాతి అనీ, శత్రువు అనీ రెండర్థాలూ ఇస్తాయి. ఇది తెలుగువాళ్ళ దుర్గుణమేమీ కాదు. పాణిని ‘భ్రాతృవ్య’ శబ్దానికి వెంటవెంటనే రెండు సూత్రాలు (4.1.144, 4.1.145) చెప్పాడు: మొదటి దానితో సోదరుని కొడుకు, రెండవ దానితో శత్రువు. చూడటానికి రెండూ ఒకే మాట, తేడా అంతా స్వరంలోనే, అంటే ఏ అక్షరాన్ని ఎలా ఎత్తి పలుకుతారన్న దానిలోనే ఉంది. ఆ స్వరభేదం కాస్తా వాడుకలోంచి పోయాక చుట్టమెవరో పగవాడెవరో సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే.

మా మిర్యాలగూడ పక్క పల్లెల్లో దాయాది అన్న మాట నోట రాదు, పాలోళ్ళు అంటారు. పాలు అంటే వాటా. మా ఊళ్ళో ఒక గెట్టు కోసం ఏళ్ళ తరబడి కోర్టుకు తిరిగిన రెండు పాలోళ్ళ ఇళ్ళు ఉండేవి. ఒకరి బావిలో నీళ్ళు ఇంకొకరు ముట్టేవారు కాదు. ఒక ఇంట్లో పెద్దాయన పోయిన రోజున, మాటల్లేకపోయినా, రెండో ఇంటివాళ్ళు స్నానాలు చేసి, దినాలు అయ్యేదాకా మైల పట్టారు. ఆ తరువాత మళ్ళీ వాయిదాలకు వెళ్ళారు, అది వేరే సంగతి. పంపకంలో వాటా ఉన్నవాడికి చావులోనూ వాటా ఉంటుందన్నది ఆ మాటలోని రెండో సగం.

పగను వర్ణించడం కవులకు కష్టమేమీ కాదు, ఈ రెండో సగం దగ్గరే వాళ్ళ పని బరువెక్కుతుంది. తిక్కన తెనిగించిన పర్వాలలో స్త్రీపర్వం చిన్నది, మనవాళ్ళు తక్కువగా చదివేది కూడా. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో రణరంగాన్ని చూస్తున్న గాంధారి తన కొడుకులతో ఆగిపోదు, అభిమన్యుడి శవం దగ్గర ఉత్తరను చూసి, ద్రుపద విరాటులను చూసి కూడా ఏడుస్తుంది. చివరకు తర్పణాలు విడిచే వేళ, కర్ణుడు మీ అన్న అని కుంతి చెబుతుంది. పగవాడనుకుని చంపినవాడికి ధర్మరాజు తమ్ముడిగా నీళ్ళు వదలవలసి వచ్చింది. యుద్ధం లెక్క తేలింది గెలిచిన రోజున కాదు, ఆ నీటి ఒడ్డున.

కృష్ణ దాటితే మాకు పల్నాడు. నలగామరాజు, మలిదేవరాజు ఒకే తండ్రికి వేర్వేరు తల్లుల బిడ్డలు, అంటే అచ్చమైన పాలోళ్ళు. వాళ్ళ మధ్య జరిగిన పల్నాటి యుద్ధం మీద శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. దానికన్నా గట్టి జ్ఞాపకం కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరిగే వీరారాధన. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్న ఆ వరుసలో ఒక రోజు రాయబారానికే కేటాయించారు. తప్పించుకోగలిగిన యుద్ధమని ఏటా ఒకసారి ఒప్పుకోవడంగా నేను దానిని చదువుతాను.

దాయాదులు కాని పొరుగువారి యుద్ధం మాటేమిటని ఇంకొకరు అడిగారు. ఇరాన్, ఇరాక్ 1980 సెప్టెంబర్ నుంచి 1988 ఆగస్టు వరకు పోరాడాయి. షత్తల్ అరబ్ నది మీది హద్దు తగాదా దానికొక కారణం, మా భాషలో గెట్టు పంచాయితీ. ఆ యుద్ధాన్ని ఇరాన్ ప్రభుత్వం ‘పవిత్ర రక్షణ’ అన్నది, సద్దాం ప్రభుత్వం ఏడవ శతాబ్దంలో పారశీకుల మీద అరబ్బులు గెలిచిన ఖాదిసియ్య యుద్ధం పేరు పెట్టుకున్నది. ఒకే యుద్ధానికి రెండు పేర్లు, రెండూ ఎవరి వైపు చావులను వారే లెక్కపెట్టుకునేవి. గాంధారి చేసిన పనికి ఆ పేర్లలో చోటు లేదు.

పాలమూరు సభ్యులను ఒక మాట అడగాలని ఉంది. మీ వైపు ‘పాలోళ్ళు’ అన్న మాటను శత్రువులన్న అర్థంలో ఎవరైనా వాడగా విన్నారా? ‘దాయ’కు పుస్తకాలలో పట్టిన ఆ అర్థం దీనికి పట్టగా మా వైపు నేను వినలేదు.