ఇమ్యునాలజీ అధ్యాపక పదవికి పేపర్ల సంఖ్యే కొలబద్ద కావాలా?

వాల్తేరు వాసి:

మన విశాఖలోని ఒక విద్యాసంస్థలో ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) అధ్యాపకుల ఎంపికపై మొదలైన వాదన ఇంకా తెగలేదు కనుక, అసలు ప్రశ్నను ఇక్కడ విడిగా పెడుతున్నాను. ఒక అభ్యర్థి పేరిట అరవైకి పైగా పరిశోధనా పత్రాలున్నాయి, మరొకరివి పదిలోపే. సంఘం మొదటివారిని ఎంచుకున్నది. నా దృష్టిలో అది సబబే. సంఖ్యను పక్కన పెడితే మిగిలేవి సిఫారసు, మొహమాటం, మనవాడన్న అభిమానం మాత్రమే. హెచ్-ఇండెక్స్ ఇరవై అంటే, కనీసం ఇరవైసార్లు వేరే పత్రాలలో ఉదహరింపబడిన పత్రాలు ఇరవై ఉన్నాయని అర్థం. 2005లో భౌతికశాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన ఈ లెక్కలో ఎవరి పలుకుబడీ పనిచేయదు.

కణదర్శిని:

వాల్తేరు వాసి గారూ, సిఫారసుల విషయంలో మీ భయాన్ని కొట్టిపారేయలేను. అయితే ఆ అరవై పత్రాలలో వారి పేరు ఏ స్థానంలో ఉన్నదో ఎవరైనా చూశారా? జీవశాస్త్ర పత్రాలలో సాధారణంగా మొదటి పేరు ప్రయోగం చేసిన చేతులది, చివరి పేరు ప్రయోగశాలను నడిపినవారిది. పదిహేను పేర్ల వరుసలో ఏడవ స్థానంలో ఉన్నవారు ఏడాది శ్రమపడి ఉండవచ్చు, ఒక మధ్యాహ్నం కణాలను లెక్కించి వర్గీకరించే ఫ్లో సైటోమీటరు యంత్రం నడిపిపెట్టి ఉండవచ్చు. సంఖ్య ఈ ఇద్దరికీ ఒకే మార్కు వేస్తుంది.

కాలం సంగతీ ఉన్నది. ఒక జన్యువును తొలగించిన ఎలుకలను శుద్ధమైన వంశంలోకి తేవడానికి ఆనవాయితీగా పది తరాలు బ్యాక్‌క్రాస్ చేస్తారు, అంటే ప్రతి తరంలోనూ ఆ శుద్ధవంశపు ఎలుకలతోనే జతకట్టిస్తారు. తరానికి మూడు నెలల చొప్పున వేసుకున్నా, ఒక్క పేపరూ రాకుండానే రెండేళ్లు దాటిపోతాయి. అదే కాలంలో సమీక్షా వ్యాసాలు రాసినవారికి ఉల్లేఖనలు ఇబ్బడిముబ్బడిగా వస్తాయి.

పత్రిక పేరును నమ్ముకోవడమూ అంతే. కోడిపిల్లలలో పేగు చివర ఉండే ఫాబ్రీషియస్ తిత్తిని తొలగిస్తే యాంటీబాడీల ఉత్పత్తి దెబ్బతింటుందని బ్రూస్ గ్లిక్ బృందం చూపిన పత్రాన్ని ‘సైన్స్’ తిరస్కరించగా, అది 1956లో ‘పౌల్ట్రీ సైన్స్’లో అచ్చయింది. యాంటీబాడీలను తయారుచేసే బి కణాల అధ్యయనానికి పునాది ఆ కోళ్ల పత్రికలోనే పడింది. ఇంపాక్ట్ ఫ్యాక్టరు, అంటే పత్రికలోని వ్యాసాలకు సగటున వచ్చే ఉల్లేఖనల అంకె, చూసి దస్త్రాలు వడకట్టే సంఘం నేడు ఆ పత్రాన్ని తెరిచి కూడా చూడదు.

సంఖ్యకు అందని పనికి మనవాడైన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అమినోప్టెరిన్‌తో తాత్కాలికంగా ఉపశమించిందని చెప్పిన 1948 నాటి ఫార్బర్ పత్రంలో, ఆ మందును లెడర్లీ మందుల కంపెనీలో తయారుచేయించిన సుబ్బారావు గారి పేరు రచయితల వరుసలో లేదు.

భీమిలి రోడ్డు:

మీరు చెప్పేవన్నీ మహానుభావుల కథలు. పది పత్రాలున్న ప్రతివారూ గ్లిక్ కారు. తక్కువ రాయడం దానంతటదే లోతుకు నిదర్శనం కాదు, కొందరి విషయంలో అది బద్ధకమే. పైగా ఒక్కొక్కరికి పావుగంట మించి కేటాయించలేని సంఘం ఇంత లోతుగా ఎలా చదువుతుంది?

కణదర్శిని:

తక్కువ రాసినవారంతా గొప్పవారని నేను అనలేదు, ఆ రెండవ అభ్యర్థి పని నేను చూడనూ లేదు. నేను అడిగేది చదవమని మాత్రమే, అందుకు పావుగంట చాలు. ఫ్లో సైటోమెట్రీ పటం ఒకటి తెరవండి. శిథిలాలను, అంటుకున్న జంట కణాలను వేరుచేశారా, చచ్చిన కణాలను రంగుతో గుర్తించి తీసివేశారా అని చూడండి. చచ్చిన కణాలు ఏ యాంటీబాడీనైనా పట్టుకుంటాయి కనుక, ఆ మెట్టు దాటవేస్తే లేని కణసమూహం కూడా పటంలో ఉన్నట్టు కనబడుతుంది. ఈ రంగంలో పనిచేసినవారికి ఇది పట్టడానికి రెండు నిమిషాలు చాలు.

ప్రోటీన్లను పట్టీలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ చిత్రాలయితే మరీ జాగ్రత్తగా చూడాలి. సూక్ష్మజీవశాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్, సహచరులతో కలిసి 20,621 పత్రాలను పరిశీలించి, దాదాపు 3.8 శాతంలో అనుమానాస్పదమైన చిత్రాలున్నాయని 2016లో ప్రకటించారు. పోలిక కోసం చూపే యాక్టిన్ ప్రోటీను పట్టీ ఒకదాన్నే తిప్పి మరో ప్రయోగానికి అతికించిన పత్రం కూడా హెచ్-ఇండెక్స్‌లోకి ఎక్కుతుంది. దానికి వచ్చిన ఉల్లేఖనలూ లెక్కలో చేరతాయి.

నా ప్రతిపాదన ఇది: ప్రతి అభ్యర్థీ తాము ఎంచుకున్న మూడు పత్రాలను, ఒక్కొక్కదానిలో తాము స్వయంగా చేసిన పని ఏమిటో తెలిపే పేరాతో సహా ఇవ్వాలి; ఎంపికైన వారి పేరాలను సంస్థ అందరికీ కనబడేలా పెట్టాలి. పలుకుబడి పనిచేసిందన్న అనుమానం కలిగినవారు వాటిని చదివి ప్రశ్నించవచ్చు. అమెరికన్ కణజీవశాస్త్ర సంఘపు సమావేశంలో 2012లో రూపుదిద్దుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కూడా, పత్రిక అంకెను కాక పత్రంలోని విషయాన్ని చూడమనే కోరింది.

వాల్తేరు వాసి:

మూడు పత్రాల నిబంధన, ముఖ్యంగా పేరాలను బయటపెట్టాలన్న మాట, నాకు సమ్మతమే. కానీ ఒక్క పదవికి రెండువందల దరఖాస్తులు వస్తే ముందు వడపోత ఎవరు, దేనితో చేస్తారు? అక్కడ సంఖ్య తప్పదని నేను ఇంకా అంటాను. అయితే మొత్తం సంఖ్య కాదు, మొదటి లేదా చివరి పేరుగా ఉన్న పత్రాల సంఖ్య. దానికి మీరు ఒప్పుకుంటారా, కణదర్శిని గారూ?