36 ఏళ్ల వయసులో జర్మన్: నైట్ డ్యూటీలు చేస్తూ బీ2 దాకా వెళ్లగలనా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, దిల్‌సుఖ్‌నగర్):

అందరికీ నమస్కారం. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, చాలా ఏళ్లుగా ఐసీయూలో పని. జర్మనీ వెళ్లాలని ఉంది. జర్మన్ స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని వరుసగా పైకి వెళ్తాయి కదా, నాకు ఏ1 అయిపోయింది, ఏ2 సగంలో ఉన్నాను. పుస్తకం చదివితే అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం ఒక్క వాక్యం రాదు. క్లాసులో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. వాళ్లు టకటకా చెప్పేస్తుంటే టెన్షన్ వస్తోంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఆరు నెలల్లో బీ2 గ్యారంటీ అంటున్నారు, కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలట. ఇంట్లో ఇద్దరు పిల్లలు, నైట్ డ్యూటీలు. ఈ వయసులో నాకు భాష వస్తుందా? అక్కడ చేరమంటారా?

జవాబు (జర్మన్ ట్యూటర్, తార్నాక):

మేడమ్, సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి. జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోండి. ఒప్పుకోకపోతే అక్కడ చేరొద్దు.

ఆరు నెలల మాట లెక్క వేసి చూద్దాం. సున్నా నుంచి బీ2 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 దాకా పడతాయని, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే జర్మనీ సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ అంచనా. తక్కువలో తక్కువ 600 అనుకున్నా 450 గంటలు. ఒక్క రోజు కూడా మానకుండా రోజుకు రెండున్నర గంటలు కూర్చుంటే తప్ప ఆరు నెలల్లో అది పూర్తికాదు. ఉద్యోగం మానేసి చదివేవాళ్లకు కుదరొచ్చు. మీరు రోజుకు గంట పెట్టగలిగితే, ఇప్పుడున్న చోటు నుంచి ఏడాది, ఏడాదిన్నర అనుకోండి. ఇంట్లోవాళ్లకు కూడా ఇదే చెప్పండి, లేకపోతే ఏడో నెలలో అందరూ కలిసి మిమ్మల్ని నిరుత్సాహపరుస్తారు.

వయసు గురించి బెంగ వద్దు. చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఉచ్చారణ బాగా కుదురుతుంది, అది నిజం. వ్యాకరణ సూత్రం చెబితే పట్టుకోవడంలో మాత్రం పెద్దవాళ్లు వెనకబడరు. పైగా పేషెంటుతో ఏం మాట్లాడాలో మీకు ఇప్పటికే తెలుసు. క్లాసులో పిల్లలకు అది తెలియదు.

మీకు మాట రాకపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం వేరే. మన ఊళ్లో జర్మన్ పాఠం దాదాపు అంతా ఇంగ్లిష్‌లోనే చెబుతారు. దాంతో తెలుగులో అనుకున్నది ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి జర్మన్‌లోకి మారుస్తారు. రెండుసార్లు మార్చేసరికి నోరు ఆగిపోతుంది. కొన్ని చోట్ల తెలుగు నుంచి నేరుగా వెళ్లడమే సులువు. ‘నాకు చలిగా ఉంది’ అనాలంటే జర్మన్‌లో ‘మీర్ ఇస్ట్ కాల్ట్’. మీర్ అంటే ‘నాకు’. ఇంగ్లిష్‌ మీదుగా వెళ్తే ‘నేను చల్లగా ఉన్నాను’ అన్నట్టు కట్టి తప్పు చేస్తారు. ‘నాకు వికారంగా ఉంది’ కూడా ఇలాగే, ‘మీర్ ఇస్ట్ ఊబెల్’. ‘పేషెంటుకి సాయం చేస్తాను’ అనడానికి ‘ఇష్ హెల్ఫె డేమ్ పాట్సియెంటెన్’. మన ‘కి’ ఉన్న చోటే వాళ్ల డేటివ్ (‘కి, కు’ అర్థమిచ్చే విభక్తి) వచ్చింది చూడండి. అన్ని క్రియలకూ ఇలా కుదరదు, కానీ కుదిరినవి ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ పోండి. ‘వైల్’తో కారణం చెప్పేటప్పుడు క్రియ చివరికి వెళ్తుంది: ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’, అంటే ‘నాకు ఒంట్లో బాగాలేదు కాబట్టి’. క్రియ చివర పెట్టడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే కదా.

లింగం దగ్గర తెలుగు ఏమీ సాయపడదు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. కారణం వెతక్కండి. ఈ మూడు లింగాలకు వరుసగా ముందు వచ్చే డేర్, డీ, డాస్ లేకుండా ఒక్క నామవాచకం కూడా రాసుకోవద్దు. మూడింటికీ మూడు రంగుల పెన్నులు వాడండి.

ఇక నోటి పని. జర్మనీ ప్రసార సంస్థ డాయ్చె వెలె వాళ్ల పాఠాలు ఉచితం, ఆడియో ఉంటుంది. ఒక వాక్యం వినండి, ఆపండి, అదే లయలో బయటికి అనండి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. తర్వాత ఫోన్‌లో రికార్డు చేసి అసలు దాని పక్కన పెట్టి వినండి. ‘ఊబెల్’లో మొదటి అచ్చు మన దగ్గర లేదు: పెదవులు ‘ఊ’లాగా గుండ్రంగా పెట్టి లోపల ‘ఈ’ అనండి, వస్తుంది. ఇంట్లో పని చేసుకుంటూ ‘ఇప్పుడు అన్నం వండుతున్నాను’ లాంటి చిన్న వాక్యాలు పైకి చెప్పుకోండి. తప్పులు వస్తాయి, రానివ్వండి.

నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజున కొత్త పాఠం పెట్టుకోకండి. పడుకుని లేచాక అంకీ యాప్‌లో పాత మాటలు పది నిమిషాలు తిప్పితే చాలు. మీరు మరిచిపోయే మాటను అది తొందరగా మళ్లీ అడుగుతుంది, వచ్చిన మాటను వారాల తర్వాత అడుగుతుంది. సెలవు రోజున రెండు గంటలు కూర్చోండి.

జవాబు (నర్సు, కరీంనగర్ నుంచి వెళ్లి జర్మనీలో ఉంటున్నారు):

అక్కా, సర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అంకెలు ఇప్పటి నుంచే చెవికి పట్టించు. జర్మన్‌లో 58ని ‘ఎనిమిదీ యాభై’ అన్నట్టు చెబుతారు. విన్న వరుసలో రాస్తే 85 అయిపోతుంది. బీపీ, డోసు, ఫోన్ నంబరు అన్నింటిలో ఇదే గండం. టైమ్ కూడా అంతే. ‘హాల్ప్ ద్రై’ అంటే రెండున్నర, మూడున్నర కాదు. ఇంట్లో పిల్లలతో నంబర్లు చదివించుకుని రాయి, వాళ్లకూ సరదాగా ఉంటుంది. పేషెంట్లను, వాళ్ల బంధువులను ఎప్పుడూ ‘జీ’ అనే పిలవాలి, అంటే మన ‘మీరు’. ‘డూ’ అంటే ‘నువ్వు’ కాబట్టి వాళ్లే చెప్పేదాకా ఆగాలి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ సర్, థాంక్స్ చెల్లీ. ఆ సెంటర్‌లో చేరను. మరి హైదరాబాద్‌లో ఎక్కడ చేరితే మంచిది? పరీక్ష మొత్తం ఒకేసారి పాస్ కావాలా?

జవాబు (జర్మన్ ట్యూటర్, తార్నాక):

జర్మన్ నేర్పే గోథె జెంట్రుమ్ ఉంది, ఫీజు కాస్త ఎక్కువే అనిపించొచ్చు. దోమలగూడ రామకృష్ణ మఠంలో భాషల తరగతులు ఉన్నాయి, జర్మన్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో వెళ్లి కనుక్కోండి. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, నర్సులకు ఇప్పుడు జర్మనీ అవకాశాలు ఏమున్నాయో ఆ ఆఫీసులోనే నేరుగా అడగండి. ఎక్కడ చేరినా ఒక డెమో క్లాసులో కూర్చుని, గంటలో మీరు ఎన్నిసార్లు నోరు తెరిచారో చూసుకోండి. టీచరే మొత్తం మాట్లాడితే ఇంకో చోటు వెతకండి.

గోథె బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కోదానిలో 100కి 60 రావాలి. నాలుగూ ఒకేసారి రాయాల్సిన పని లేదు, పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. చదవడం మీకు బలం కాబట్టి ముందు ఆ భాగం ముగించి, మాట్లాడే భాగానికి ఇంకొన్నాళ్లు తీసుకోండి. అందులో ఒక విషయం మీద చిన్న ప్రసంగం ఇచ్చి, తర్వాత ఇంకో అభ్యర్థితో చర్చించాలి. మీ క్లాసులో ఒకరిని తోడు పెట్టుకుని వారానికి ఒక విషయం ఫోన్‌లో మాట్లాడుకోండి. ఆ ఇరవై రెండేళ్ల పిల్లల్లో ఎవరినైనా అడగండి, కాదనరు.