ఐర్లాండ్‌లో పక్ ఫెయిర్: నాన్నని తీసుకెళ్లొచ్చా?

సదర్‌పిచ్చోడు, నారాయణగూడ:
ఆగస్టులో నాన్నని తీసుకుని డబ్లిన్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నా. కోటలు, మ్యూజియాలు అంటే ఆయనకి బోర్, అదే పశువుల అంగడి అంటే తిండి కూడా గుర్తుండదు. సదర్ రోజు దున్నపోతుల కొమ్ములకి నూనె సరిగ్గా పట్టించారో లేదో దగ్గరికి పోయి మరీ చూసే మనిషి. కెర్రీ కౌంటీలో కిల్లార్గ్లిన్ అనే ఊళ్లో మేకపోతుకి కిరీటం పెట్టే ఈ పక్ ఫెయిర్ జాతర ఉందట కదా. బేరాలు నిజంగా జరుగుతాయా, టూరిస్టుల కోసం తమాషానా? డబ్లిన్ నుంచి ఎట్లా పోవాలి?

కార్క్‌లో_కొన్నాళ్లు:
బేరాలు నిజమే అన్నా. ఏ వారం పడినా ఆగస్టు 10, 11, 12 తేదీలే. 10న గుర్రాల సంత, 11న ఆవులది. మీ నాన్నగారి కోసమైతే 10న పొద్దున్నే అక్కడ ఉండండి. పాతకాలం పద్ధతిలో అయితే అమ్మేవాడు అరచెయ్యి చాపుతాడు, కొనేవాడు కాదని వెనక్కి జరుగుతాడు, మధ్యలో ఇంకొకడు దూరి ఇద్దరి చేతులూ పట్టుకుని ఫట్‌మని కలిపేస్తాడు, అంతే, బేరం తెగినట్టే. తర్వాత అమ్మినవాడు అదృష్టం కోసమని కొంచెం డబ్బు తిరిగిస్తాడు. మన దగ్గర తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా తేల్చుకునేది అక్కడ అందరి ముందే.

మేకపోతుని కొండల్లోంచి పట్టుకొస్తారు. 10న స్కూల్ పిల్ల ఒకమ్మాయి రాణి వేషంలో దానికి కిరీటం పెడుతుంది, ఎత్తైన మంచె మీదికి ఎక్కిస్తారు, జాతర అయ్యాక మళ్లీ కొండకి వదిలేస్తారు. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం వస్తోందని మేకే ఊరిని హెచ్చరించిందని కథ చెప్తారు. సంతకి రాజు ఇచ్చిన అనుమతి పత్రం 1613 నాటిది, క్రామ్‌వెల్ ఐర్లాండ్‌లో దిగిందేమో 1649లో. కథ వినడానికి బాగుంటుంది, అంతవరకే.

నిద్రముఖ్యం:
మేకని అంత ఎత్తున పెట్టడం నాకైతే నచ్చదు. 2022లో ఎండ ఎక్కువై కిందికి దించాల్సి వచ్చింది కూడా. ఇంకో మాట, ఆ మూడు రోజులూ పబ్బులు రాత్రి మూడింటిదాకా తెరిచే ఉంటాయి. పెద్దాయనతో ఆ ఊళ్లో రూమ్ వద్దు, కిలార్నీలో ఉండండి, అదీ ఇప్పుడే బుక్ చెయ్యండి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కిలార్నీకి రైలు, చాలాసార్లు మాలో అనే స్టేషన్‌లో మారాలి. అక్కడి నుంచి బస్సు. ఆగస్టే కదా అనుకోకండి, వాన కోటు ఉండాల్సిందే.

వీసా_బాబాయ్:
చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదు, వేరే తీసుకోవాలి. నెయ్యి, కోవా, మటన్ పచ్చడి బ్యాగ్‌లో పెట్టొద్దు, బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు రానివ్వరు. గాలికుంటు లాంటి రోగాలు వస్తాయని వాళ్ల భయం. ఇక్కడ అంగడిలో తిరిగిన చెప్పులుంటే బాగా కడిగి తీసుకెళ్లండి, లేదా ఇంట్లోనే వదిలెయ్యండి.

సదర్‌పిచ్చోడు:
థాంక్స్ అందరికీ. అక్క ఆర్డర్ చేసిన నెయ్యి క్యాన్సిల్! ఒక్క డౌట్, కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగితే ఏమన్నా అనుకుంటారా? నాన్న అడగకుండా ఉండడు.

కార్క్‌లో_కొన్నాళ్లు:
అడగనివ్వండి, కబుర్లంటే వాళ్లకీ ఇష్టమే. చెయ్యి మాత్రం చాపొద్దని చెప్పండి, గుర్రాన్ని తోలుకురావాల్సొస్తది.