ఒకే ఫొటో 4×6లో నిండుగా వచ్చి, 8×10లో ఎందుకు తెగిపోతుంది?

ప్రశ్న:
నమస్కారం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన గ్రూప్ ఫొటోను 4×6 అంగుళాల సైజులో ప్రింటు వేయిస్తే అందరూ నిండుగా వచ్చారు గాని, అదే ఫైలును 8×10లో వేయించినప్పుడు రెండు చివరల నిలబడినవారి భుజాలు తెగిపోయాయి. కాగితం పెద్దదైతే ఫొటోలో కొంత భాగం తగ్గడం ఎందుకు? మరొక సందేహం: ఇందులో మధ్యనున్న ఇద్దరిని మాత్రమే క్రాప్ చేసి 12×18లో వేయిస్తే స్పష్టత నిలుస్తుందా?

సమాధానం 1:
తేడా సైజులో లేదండీ, పొడవు వెడల్పుల నిష్పత్తిలో ఉంది. మీ ఫొటో 6000×4000 పిక్సెళ్లు అయి ఉంటుంది, అంటే 3:2. 4×6 కాగితానిదీ అదే నిష్పత్తి కాబట్టి ఏమీ పోలేదు. 8×10 నిష్పత్తి 5:4. ఫొటో ఎత్తును 8 అంగుళాలకు పెంచితే వెడల్పు 12 అంగుళాలవుతుంది, కాగితం 10 దగ్గరే ఆగిపోతుంది. ఆ విధంగా వెడల్పులో ఆరో వంతు బయటికి పోతుంది, గ్రూప్ ఫొటోలో చివరి మనుషులు ఉండేది సరిగ్గా అక్కడే. 5×7లో పోయేది ఏడున్నర అంగుళాలకు అర అంగుళమే. 8×12, 12×18, 20×30లలో ఏమీ పోదు. ఫోన్ ఫొటోలు సాధారణంగా 4:3 కాబట్టి వాటి లెక్క తారుమారవుతుంది: 4×6లో ఎత్తు తొమ్మిదో వంతు తగ్గితే, 8×10లో వెడల్పు పదహారో వంతే తగ్గుతుంది.

సమాధానం 2:
రెండో సందేహం గురించి. నిష్పత్తి కోసం అంచులు తీసేస్తే స్పష్టతకు భంగం లేదు. 8×10కి కోసిన తరువాత కూడా అంగుళానికి 500 పిక్సెళ్లు మిగులుతాయి, చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు 300 చాలు. ఇద్దరి కోసం చేసే లోతైన క్రాప్ సంగతి వేరు. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచితే మిగిలేది 3000×2000, అంటే 6 మెగాపిక్సెళ్లే. 4×6లో తేడా తెలియదు. 12×18లో అంగుళానికి దాదాపు 167కి పడిపోతుంది, దగ్గరగా చూస్తే కనురెప్పలు, జుట్టు మెత్తబడి కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం, చాలామంది గమనించనిది: ఆ క్రాప్‌ను 12×18లో వేయడమంటే మొత్తం ఫొటోను 24×36లో వేసి మధ్య భాగం చూడటమే. అందుచేత చేయి కదిలిన మసక, ఫోకస్ లోపం, నాయిస్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) అన్నీ అంతే పెద్దవవుతాయి. సాఫ్ట్‌వేర్ పిక్సెళ్లను పెంచగలదు గాని లెన్స్ పట్టని వివరాన్ని తిరిగి తేలేదు. గోడకు తగిలించి రెండడుగుల దూరం నుంచి చూసేదైతే మాత్రం 150 పిక్సెళ్లు సరిపోతాయి కనుక, ఫోకస్ బాగుంటే వేయించవచ్చు.

సమాధానం 3:
8×10 ఫ్రేమే కావాలంటే, కోయకుండా తెల్ల అంచులతో వేయమని ల్యాబులో అడగండి. బొమ్మ దాదాపు 6.7×10 అంగుళాల్లో పూర్తిగా వస్తుంది. అంచులేని ప్రింట్లలో ప్రతి వైపూ మరికొంచెం తెగుతుంది కాబట్టి, ఇకపై గ్రూప్ ఫొటో తీసేటప్పుడు ఒక అడుగు వెనక్కి జరిగి పక్కల ఖాళీ వదలండి. ఒక్కో సైజుకు వేరే కాపీలో క్రాప్ చేసి, అసలు ఫైలును అలాగే ఉంచండి.