ఒకే మినీడిస్కు, ఇద్దరికీ రాసే హక్కు: ఇవ్వవచ్చా?

బెంజ్ సర్కిల్:
మా కార్యాలయంలో జెడ్/వీఎం (ఒకే ఐబీఎం మెయిన్‌ఫ్రేమును అనేక కంప్యూటర్లుగా పంచి ఇచ్చే వ్యవస్థ) మీద రెండు లినక్స్ గెస్టులు, అంటే అలా పంచి ఇచ్చిన రెండు కంప్యూటర్లు, నడుస్తున్నాయి. రెండూ ఒకే మినీడిస్కులో, అంటే పెద్ద డిస్కులోంచి కోసి ఇచ్చిన ముక్కలో, లాగ్‌లు (జరిగిన పనుల చిట్టాలు) రాయాలి. అందులో ఫైళ్ల లెక్క చూసే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ3. ఇద్దరూ రాయడానికి ఎండబ్ల్యూ లింకు అడిగితే సిస్టమ్స్ విభాగం వారు ససేమిరా అంటున్నారు. జెడ్/వీఎంలో డిస్కులు పంచే సీపీయే ఇస్తానంటుంటే వీరు అడ్డుపడటం ఏమిటి?

బ్రాడీపేట పాతకాపు:
సీపీకి ఫైలు అంటే తెలియదు కాబట్టి. దానికి తెలిసినవి సిలిండర్లు, అంటే డిస్కును కొలిచే భాగాలు. 3390 మోడల్ 3 అనే మెయిన్‌ఫ్రేము డిస్కు వాల్యూములో 3,339 సిలిండర్లుంటాయి; అందులో ఓ వంద కోసి మీకు మినీడిస్కుగా ఇస్తుంది. అక్కడితో దాని పూచీ తీరిపోయింది. రాసే హక్కుకు డబ్ల్యూ అడిగితే మరెవరికీ లింకు లేనప్పుడే ఇస్తుంది. ఎమ్ అడిగితే చదివేవారున్నా ఇస్తుంది కానీ, రాసేవారుంటే ఇవ్వదు. ఎండబ్ల్యూ అంటే ఎవరున్నా సరే ఇచ్చేయమని. ఇక మీ మొదటి గెస్టు తన మెమరీలోని పట్టీ చూసుకుని ఫలానా బ్లాకు ఖాళీ అనుకుంటుంది. రెండోదీ తన పట్టీ చూసుకుని అదే బ్లాకు ఖాళీ అనుకుంటుంది. ఇద్దరూ అందులోనే రాస్తారు.

అరండల్‌పేట:
ఒకరు రాసి, మరొకరు చదివితే గొడవ లేదు కదా?

బ్రాడీపేట పాతకాపు:
ఉంది. ఆర్‌ఆర్‌తో లింకు తీసుకుంటే రాసేవారున్నా చదవనిస్తుంది. సీఎంఎస్‌లో (జెడ్/వీఎంతో వచ్చే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) డిస్కును తెరిచే యాక్సెస్ ఆదేశం కొట్టగానే డిస్కు డైరెక్టరీ, అంటే ఫైళ్ల జాబితా, నకలు మీ మెమరీలోకి వస్తుంది. ఆ తరువాత అవతలివారు ఫైలు మార్చినా మీ నకలు మారదు. పొద్దున రాసుకున్న ధరల కాగితం పట్టుకుని సాయంత్రం మిర్చి యార్డులో బేరమాడినట్టు ఉంటుంది. మళ్లీ యాక్సెస్ కొట్టాల్సిందే.

కొత్తపేట:
గుంటూరు వారు ఎక్కడ మొదలుపెట్టినా మిర్చి దగ్గరికే చేరతారు.

బెంజ్ సర్కిల్:
నేను అడిగింది సీఎంఎస్ గురించి కాదు. ఎండబ్ల్యూ అంత పాపమైతే 1972లో వచ్చిన వీఎం/370 నుంచీ ఐబీఎం దాన్ని ఎందుకు ఉంచుతోంది? ఎండబ్ల్యూ పక్కన వీ చేర్చి సీపీ డైరెక్టరీలో (ఎవరికి ఏ డిస్కో రాసి ఉండే పట్టిక) ఎండబ్ల్యూవీ అని రాస్తే సీపీ రిజర్వ్, రిలీజ్‌లను, అంటే డిస్కుకు తాళం వేయడం, తీయడాన్ని, అనుకరిస్తుంది. జెడ్/ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేము ఆపరేటింగ్ సిస్టమ్) గెస్టులు అలా డిస్కు పంచుకోవడం లేదా?

బ్రాడీపేట పాతకాపు:
జెడ్/ఓఎస్ రిజర్వ్ అడుగుతుంది, పని కాగానే వదులుతుంది. మీ ఎక్స్‌టీ3 అడుగుతుందా? అడగని వారికి తాళం ఉండి ఏం లాభం? పైగా రెండో గెస్టులో చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా (డిస్కును వాడుకకు తగిలించినా), జర్నల్‌లో, అంటే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాలో, మిగిలిన పని ఉంటే ముందు అది పూర్తి చేయబోతుంది, జర్నల్ జోలికి పోవద్దనే నోలోడ్ అని చెబితే తప్ప. చదవడానికి వచ్చినవాడు కలం తీస్తాడన్నమాట. కొంచెం చదువుకోండి, బాబూ.

బెంజ్ సర్కిల్:
బాబూ అనకండి, నాకు నలభై రెండేళ్లు. అనేక గెస్టులు ఒకరితో ఒకరు చూసుకుంటూ ఒకే డిస్కులో రాయగల ఓసీఎఫ్ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ పెడతానని కూడా రాసిచ్చాను. దాన్ని చదివినవారే లేరు. మూడు నెలల్లో నాలుగు ఫారాలు నింపాను. రోజూ రాత్రి పదకొండింటికి ఎఫ్‌టీపీతో (కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే పద్ధతి) లాగ్‌లు మోసుకుంటున్నాను. మీలాంటి పెద్దలకు వద్దు అనడం ఒక్కటే తెలుసు.

బ్రాడీపేట పాతకాపు:
వద్దనడం ఎలా నేర్చుకున్నానో వినండి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఒకాయన బతిమాలితే ఎండబ్ల్యూ లింకుకు కావలసిన మల్టీ పాస్‌వర్డు ఇచ్చాను. ఆయన రెండు యూజర్ ఐడీల నుంచి ఒకే డిస్కును ఎండబ్ల్యూతో పట్టుకున్నాడు. మరుసటి రోజు జాబితాలో జీతాల ఫైలు పేరు చక్కగా ఉంది; తెరిస్తే లోపల స్టోర్సు విభాగం వారి బోల్టుల లెక్క. బ్యాకప్ టేపు వారం పాతది. సంజాయిషీ ఆయనను అడగలేదు, నన్ను అడిగారు. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు పోయింది.

బెంజ్ సర్కిల్:
అయితే ఇంతసేపూ మనం డిస్కు గురించి మాట్లాడుకోలేదు. ఓసీఎఫ్ఎస్2 పెట్టినా మీరు ఇవ్వరు. అవునా, కాదా?

బ్రాడీపేట పాతకాపు:
ఇవ్వను. అది సాంకేతికంగా సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ అది పాడైన రోజు తెల్లవారుజామున ఫోను మోగేది ఎవరి ఇంట్లో?

బెంజ్ సర్కిల్:
నా ఇంట్లోనే మోగనివ్వండి. హక్కు మీ దగ్గర పెట్టుకుని, రాత్రి చాకిరీ మాకు వదిలేయడం ఏం న్యాయం?

కొత్తపేట:
ఇప్పుడు అసలు తగాదా బయటపడింది.

బ్రాడీపేట పాతకాపు:
మీ ఇంట్లో మోగదు. డైరెక్టరీలో ఆ మాట రాసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. మీ విభాగాధిపతి చేత సంతకం చేయించి తెండి, అప్పుడు చూద్దాం.

అరండల్‌పేట:
లాగ్‌లే కదా. చెరొక మినీడిస్కు తీసుకోండి. ఎవరిది వారు రాసుకుని, ఎదుటివారిది ఆర్‌ఆర్‌తో చదవండి. రాసేవారు రోజుకోసారి అన్‌మౌంట్ చేశాక చదివేవారు కొత్తగా మౌంట్ చేసుకుంటే జర్నల్ పేచీ కూడా ఉండదు.

బ్రాడీపేట పాతకాపు:
ఇది నాకు అభ్యంతరం లేదు.

బెంజ్ సర్కిల్:
దీనికి కూడా ఫారం నింపాలా?

బ్రాడీపేట పాతకాపు:
రెండు డిస్కులు కాబట్టి, రెండు.